శ్రీనాథుని పద్యాలపై పదిమంది కలిసి ఆన్‌లైన్‌లో పనిచేయాలంటే

శ్రీనాథుడు తన రచనల వరుసను కాశీఖండంలో తానే చెప్పుకొన్నాడు. “చిన్నారి పొన్నారి చిఱుతకూఁకటినాఁడు రచియించితి మరుత్తరాట్చరిత్ర” అని మొదలయ్యే ఆ సీసపద్యం ప్రకారం చిన్నతనంలో మరుత్తరాట్చరిత్ర, నూనూగు మీసాల ప్రాయంలో శాలివాహన సప్తశతి, నిండు జవ్వనంలో నైషధం, ప్రౌఢవయసులో భీమేశ్వరుని మహిమ చెప్పిన కావ్యం, ఆ తరువాత కాశీఖండం వచ్చాయి. వీటిలో మొదటి రెండూ నేడు దొరకడం లేదు. మరోవైపు, ఆయన ఏ కావ్యంలోనూ లేని చాటుపద్యాలు మాత్రం తరతరాలుగా జనం నోట నిలిచి, పల్నాటి ఎండలను, కృష్ణ వరదలను, చివరి రోజుల అప్పులను మనకు చెబుతూనే ఉన్నాయి. కవి తానుగా చెప్పినదానికీ లోకం ఆయన పేర చెప్పినదానికీ మధ్య ఉన్న ఈ ఎడం వల్లనే శ్రీనాథుని మీద పని ఇంత ఆకర్షణీయంగానూ ఇంత కష్టంగానూ ఉంటుంది.

ఈ పని ఒక్కరితో తెమిలేది కాదు. సంస్కృతం తెలిసినవారు, ఛందస్సు తెలిసినవారు, పాత అచ్చు చదవగలవారు, కంప్యూటరు తెలిసినవారు, పల్నాటి మాట చెవినపడగానే గుర్తుపట్టేవారు ఒకే ఊరిలో దొరకరు, ఆన్‌లైన్‌లో దొరుకుతారు. అలా కలిసి పనిచేయాలనుకునేవారి కోసం, అటువంటి బృందంలో కొన్నేళ్లు పనిచేసిన అనుభవంతో ఈ వ్యాసం రాస్తున్నాను. ప్రతి పద్యం పక్కనా అది ఏ ప్రతిలోనిది, ఎవరు ఎత్తిరాశారు, శ్రీనాథునిదని ఎవరు ఏ ఆధారంతో అన్నారు అనే మూడు విషయాలు విడివిడిగా నమోదు కావాలి. కింద చెప్పబోయే పద్ధతులన్నీ ఈ ఒక్క నియమం నుంచి పుట్టినవే.

ఒక్క ఆశ్వాసంతో మొదలుపెట్టండి

ఉత్సాహం కొద్దీ మొదటి సమావేశంలోనే సమగ్ర శ్రీనాథ సాహిత్యమంతా చేసేద్దామని అనుకోవడం సహజం. మేమూ అలాగే అనుకొన్నాం. ఎనిమిది మంది పద్యాలు పంచుకొని, ఎవరి దగ్గరున్న పుస్తకంలోంచి వారు టైపు చేశారు. మూడు నెలల తరువాత అన్నీ ఒకచోట చేర్చి చూస్తే ఒకే ఆశ్వాసంలో (కావ్యంలోని ఒక అధ్యాయంలో) నాలుగు ముద్రణల పాఠాలు కలిసిపోయి ఉన్నాయి. ఏ పద్యం ఏ ముద్రణలోదో టైపు చేసినవారికే గుర్తు లేదు. సరిదిద్దడానికి దారి లేక ఆ పనంతా పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టవలసి వచ్చింది.

అందుచేత ఒక కావ్యంలో ఒక ఆశ్వాసం, ఒక ఆధార ముద్రణ, ముగ్గురు మనుషులు, ఇంతే తీసుకొని మొదలుపెట్టడం మంచిది. ఆరు ఆశ్వాసాల భీమేశ్వరపురాణం తొలి ప్రయత్నానికి అనువుగా ఉంటుందని నా అభిప్రాయం. ద్రాక్షారామం, గోదావరి పరిసరాలు మనకు తెలిసిన చోట్లే కావడం వల్ల స్థలనామాల మీద పని వెంటనే పట్టుబడుతుంది. శృంగారనైషధం ఎనిమిది ఆశ్వాసాలే అయినా దాని వెనుక శ్రీహర్షుని 22 సర్గల సంస్కృత కావ్యం ఉంది; తెలుగు పద్యం పక్కన సంస్కృత శ్లోకాన్ని చూపకుండా చేసే పని అక్కడ సగమే అవుతుంది. నీ డుమువులు (డు, ము, వు, లు అనే తెలుగు ప్రత్యయాలు) నీవు తీసుకొని మా నైషధం మాకిచ్చెయ్యమని పండితులు శ్రీనాథునితో అన్నారన్న కథ ఎంతవరకు న్యాయమో పాఠకుడు తానే తేల్చుకోవాలంటే, రెండు పాఠాలూ ఎదురెదురుగా కనిపించాలి. బృందానికి చేయి తిరిగిన తరువాత చేపట్టవలసిన పని అది.

ప్రతుల జాబితా, హక్కులు

టైపు చేయడానికి ముందే ప్రతుల జాబితా తయారు కావాలి. ఒక స్ప్రెడ్‌షీటులో ప్రతి ముద్రణకూ, ప్రతి తాళపత్ర ప్రతికీ ఒక వరుస కేటాయించి, ముద్రణ సంవత్సరం, పరిష్కర్త (పాఠాన్ని సరిచూసి ప్రచురణకు సిద్ధం చేసినవారి) పేరు, ప్రతి ఉన్న చోటు, గ్రంథాలయం ఇచ్చిన సంఖ్య, పుటలు లేదా పత్రాలు ఎన్ని, ఏవి పోయాయి అనే వివరాలు రాసి, దానికొక చిన్న సంకేతం ఇవ్వాలి. చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం, తంజావూరు సరస్వతీ మహల్, తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయపు ప్రాచ్య పరిశోధన సంస్థ, హైదరాబాదులోని ప్రాచ్య లిఖిత ప్రతుల గ్రంథాలయం తాళపత్రాల కోసం మొదట అడగవలసిన చోట్లు. పాత అచ్చు పుస్తకాలకు వేటపాలెం సారస్వత నికేతనం, రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయం ఉన్నాయి. చాలా పుస్తకాల స్కానులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనూ దొరుకుతాయి. స్కానును చూసి సంతోషపడే ముందు ముఖపత్రం, చివరి పుట ఉన్నాయో లేదో, నడుమ పుటలు జారిపోయాయో పరిశీలించాలి.

తాళపత్ర ప్రతుల చివర లేఖకుడు రాసే మాటలను తప్పక ఎత్తిరాయండి. అక్కడ సాధారణంగా సంవత్సరం పేరు, మాసం, తిథి ఉంటాయి. సంవత్సరం పేరు అరవై ఏళ్లకొకసారి తిరిగి వస్తుంది కనుక, శకవర్షం కూడా చెప్పని ప్రతికి ఆ పేరు చూసి ఒకే తేదీ నిర్ణయించకూడదు. సాధ్యమైన సంవత్సరాలన్నీ రాసి ఊరుకోవాలి.

శ్రీనాథుని పద్యాలపై ఎవరికీ హక్కు లేదు గాని, పరిష్కర్త పీఠికకూ వ్యాఖ్యకూ అధోజ్ఞాపికలకూ హక్కు ఉంటుంది. భారతదేశ చట్టం ప్రకారం రచయిత మరణించిన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్లు ఆ హక్కు నడుస్తుంది. శ్రీనాథుని చాటువుల విషయంలో ఎంతో కృషి చేసిన వేటూరి ప్రభాకరశాస్త్రి గారు 1950లో కాలం చేశారు. కాబట్టి ఆయన జీవితకాలంలో ప్రచురించిన వాటిపై హక్కు 2010తో ముగిసింది. ఈ లెక్క ప్రతి పరిష్కర్తకూ వేసి జాబితాలోనే రాసిపెట్టండి. తాళపత్రాల ఛాయాచిత్రాల విషయంలో మాత్రం చట్టం కంటే గ్రంథాలయం పెట్టిన షరతే ముందు చూడవలసింది. అనుమతిని నోటిమాటగా కాక ఉత్తరంగా తీసుకోండి.

ఎత్తిరాయడం

ఒక పుటను ఇద్దరు వేర్వేరుగా, ఒకరి పని ఒకరు చూడకుండా టైపు చేయాలి. మూడోవారు రెండు ఫైళ్లనూ కంప్యూటరుతో పోల్చి, తేడా వచ్చిన చోటనల్లా స్కాను చూసి తేల్చాలి. ఒకరు టైపు చేసినదాన్ని మరొకరు చదివి దిద్దే పద్ధతి కంటే ఇది నెమ్మది. కాని కంఠస్థమైన పద్యం విషయంలో కన్ను అచ్చులో ఉన్నదాన్ని చూడదు, మనసులో ఉన్నదాన్ని చూస్తుంది. మంచి పండితుడు దిద్దిన పుటల్లోనే ఇటువంటి తప్పులు ఎక్కువగా మిగలడం నేను చూశాను. పని చేసే వేదికను కొత్తగా కట్టుకోవలసిన అవసరం లేదు. తెలుగు వికీసోర్స్‌లో స్కాను పక్కనే పాఠం ఉంటుంది; ఒకరు సరిదిద్దిన పుటకు పసుపు, రెండోవారు ఆమోదించిన పుటకు ఆకుపచ్చ రంగు వస్తుంది కాబట్టి పని ఎంతవరకు వచ్చిందో ఒక్క చూపులో తెలుస్తుంది.

ఓసీఆర్‌ను (స్కానులోని అక్షరాలను యంత్రంతో చదివించే పద్ధతిని) వాడుకోవచ్చు, నమ్మకూడదు. థ–ధ, ప–వ–ష, మ–య అక్షరాలు పాత అచ్చులో ఒకదానికొకటిగా మారిపోతాయి. వలపలగిలక మరీ ఇబ్బంది పెడుతుంది. పాత పుస్తకాలలో ‘ధర్మము’ వంటి మాటలలోని రేఫ హల్లు పక్కన ఒక గుర్తుగా ఉంటుంది. దాని ఆకారం తెలుగు తొమ్మిది అంకెను పోలి ఉండడం వల్ల యంత్రం దాన్ని అంకెగా చదివేస్తుంది. మనుషులు చేసే తప్పులు వేరే ఉన్నాయి. సున్న బదులు అంకెల సున్నా, విసర్గ బదులు రెండు చుక్కల విరామచిహ్నం టైపు చేస్తే కంటికి తేడా కనిపించదు గాని వెతికినప్పుడు ఆ పదం దొరకదు. ఇటువంటివాటిని పట్టి చూపే చిన్న ప్రోగ్రామును మొదటి వారంలోనే రాయించుకోండి. పాత డీటీపీ ఫైళ్లు ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్లలో దొరికితే యూనికోడ్‌లోకి మార్చుకోవచ్చు. అయితే మార్చిన పాఠాన్ని ఓసీఆర్ పాఠంతో సమానంగానే అనుమానించి, మొత్తం స్కానుతో సరిచూడాలి.

అరసున్నను (ఁ), బండిరను (ఱ) ఉన్నవి ఉన్నట్టే రాయాలి. యూనికోడ్‌లో రెండూ ఉన్నాయి. దంత్య చ, జ లకు కూడా 2008 నుంచి అక్షరాలు ఉన్నాయి. అయితే నేటి పాఠకుడు ‘చిరుత’ అని వెతుకుతాడు, పద్యంలో ‘చిఱుత’ ఉంటుంది. ‘నాడు’ అని వెతుకుతాడు, పద్యంలో ‘నాఁడు’ ఉంటుంది. దీనికి పరిష్కారం మూలాన్ని మార్చడం కాదు. ఒకే పద్యానికి మూడు పొరలు పెట్టుకోవాలి: అచ్చులో ఉన్నట్టుగా ఉన్న పాఠం, పదవిభాగం చేసిన పాఠం, వెతకడం కోసం నేటి లిపికి సరిపెట్టిన పాఠం. రెండో పొర ఎందుకంటే, శ్రీనాథునిదిగా చెప్పే చాటువులో “ఎట్లు చెల్లింతు టంకంబు లేడునూఱ్లు” అన్న మాట ఉంది. ఆ చివరి రెండు పదాలు ‘టంకంబులు’, ‘ఏడునూఱ్లు’. సంధి విడదీయకపోతే ‘ఏడు’ అని వెతికినవారికి ఈ పద్యం దొరకదు. ‘లేడు’ అని వెతికినవారికి అక్కర లేకుండా దొరుకుతుంది.

తాళపత్రం నుంచి ఎత్తిరాసేటప్పుడు మరింత నిగ్రహం కావాలి. అక్కడ పదాల మధ్య ఎడం ఉండదు, పాదాలు విడిగా ఉండవు, ఎకార ఏకారాల భేదాన్ని చాలామంది లేఖకులు పాటించరు. చదివేవారు తమకు తోచినట్టు సరిచేసి రాస్తే ఆ సాక్ష్యం పోయినట్టే. ఉన్నదాన్ని ఒక వరుసలో, తాము చదివినదాన్ని దాని కింద మరో వరుసలో రాయాలి. కనిపించని అక్షరం దగ్గర ఊహించి నింపకుండా, ఎన్ని అక్షరాల మేర ఖాళీ ఉందో చెప్పాలి.

పద్యసంఖ్యల గురించి ఒక మాట. ఒక ముద్రణలో 45వ పద్యం మరో ముద్రణలో 47వది కావచ్చు. కనుక బృందమే ప్రతి పద్యానికి ఒక శాశ్వత సంఖ్య ఇచ్చి, ముద్రణల సంఖ్యలను దాని పక్కన చేర్చాలి. ఒకసారి ఇచ్చిన సంఖ్యను, ఆ పద్యం ప్రక్షిప్తమని (తరువాత ఎవరో చేర్చినదని) తేలినా సరే, మరో పద్యానికి ఇవ్వకూడదు.

ఛందస్సు ఎంతవరకు తోడు వస్తుంది

తెలుగు పద్యం మీద పనిచేసేవారికి గణాలూ యతిప్రాసలూ గొప్ప అండ. ‘ఛందం’ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పద్యం వేస్తే గణభంగం, యతిభంగం వెంటనే బయటపడతాయి. అందరికీ తెలిసిన ఈ ఆటవెలదినే చూడండి:

చిన్న చిన్న రాళ్లు చిల్లర దేవుళ్లు
నాగులేటి నీళ్లు నాపరాళ్లు
సజ్జ జొన్న కూళ్లు సర్పంబులును తేళ్లు
పల్లెనాటి సీమ పల్లెటూళ్లు

మూడో పాదంలో మూడు సూర్యగణాల తరువాత రెండు ఇంద్రగణాలు రావాలి. ‘సర్పంబు’ తగణం, ‘లును తేళ్లు’ సలము, రెండూ ఇంద్రగణాలే. ఎవరైనా అలవాటుకొద్దీ ‘సర్పాలు తేళ్లు’ అని టైపు చేస్తే ‘సర్పాలు’ వరకు సరిపోతుంది గాని, ‘తేళ్లు’ గలమై (గురువు, లఘువు మాత్రమే ఉన్న సూర్యగణమై) పాదం కుంటుపడుతుంది. తప్పు దొరికింది. నాలుగో పాదంలో ‘పలనాటి’ అని రాసినా ఇంతే: అక్కడ సూర్యగణం రావాలి, రెండు లఘువుల మీద గురువు వస్తే కుదరదు. కాని ‘పల్లెనాటి’ అని కొందరు, ‘పల్లనాటి’ అని కొందరు చదువుతారు. రెండింటా గలమే, యతీ చెడదు. ఇక్కడ ఛందస్సు చెప్పగలిగింది ఏమీ లేదు. ఏ ప్రతిలో ఏముందో చూసి, రెండు పాఠాలనూ నిలిపి, ఏది ఎందుకు పైన పెట్టామో రాయాలి.

పాఠనిర్ణయంలో నియమం స్పష్టంగా ఉండాలి: ఏ పాఠాన్నీ చెరిపేయకూడదు. సంపాదకవర్గం ఎంచుకొన్నది పైన, మిగిలినవి ప్రతి సంకేతాలతో కింద, ఎంచుకోవడానికి కారణం రెండు మూడు వాక్యాలలో, దానికి బాధ్యత తీసుకొన్నవారి పేరు, తేదీ. లేఖకులు తెలియని మాటను తెలిసిన మాటగా మార్చడమే ఎక్కువ కనుక, రెండు పాఠాలలో అరుదైన మాట ఉన్నదానికి మొగ్గు చూపడం మంచిదే. అయితే ఆ అరుదైన మాట అచ్చుతప్పు కాదని ముందు రుజువు కావాలి. అర్థాల కోసం ఆంధ్రభారతిలో ఎన్నో నిఘంటువులను ఒకేసారి వెతికే వీలుంది. నిఘంటువుకు దొరకని ఊరి మాటలకు ఆ ఊరివారే దిక్కు. నాపరాయి ఎలా ఉంటుందో, సజ్జకూడు ఎలా వండుతారో పల్నాటివారు రాసిన నాలుగు వాక్యాలు పాఠకుడికి ఏ టిప్పణి కంటే ఎక్కువ చెబుతాయి.

ఎవరిది ఈ పద్యం

కావ్యాల విషయంలో మనకు ఒక గట్టి ఆధారం ఉంది. ఆశ్వాసాంత గద్యలో కవి తన తాత కమలనాభుని, తండ్రి మారయను చెప్పి తన పేరు చెప్పుకొంటాడు. అవతారికలో (కావ్యపు తొలిభాగంలో) కృతిభర్త (కావ్యాన్ని అంకితం తీసుకొన్నవారి) పేరు ఉంటుంది: నైషధానికి మామిడి సింగన, భీమేశ్వరపురాణానికి బెండపూడి అన్నయ, హరవిలాసానికి అవచి తిప్పయసెట్టి, కాశీఖండానికి రాజమహేంద్రవరపు వీరభద్రారెడ్డి. చాటువులకు గద్య లేదు, కృతిభర్త లేడు. కృష్ణ వరద పంటను ఊడ్చుకుపోయిందని, బొడ్డుపల్లెలో మోసపోయానని, ఏడువందల టంకాలు ఎలా కట్టాలని కవి విలపించే ఆ పద్యం చదివి గుండె కరగనివారు ఉండరు. శ్రీనాథుని చివరి రోజుల గురించి మనం నమ్ముతున్నది చాలావరకు అటువంటి పద్యాల మీద నిలిచినదే. అందుకే, ఎంత ప్రియమైన పద్యమైనా దాని పక్కన ‘చాటు సంప్రదాయం’ అన్న ముద్ర ఉండవలసిందే.

మేము ఐదు ముద్రలు పెట్టుకొన్నాం: గద్యలో పేరున్నది, కవి మరో కావ్యంలో తనదని చెప్పినది, శాసనంలో ఉన్నది, చాటు సంప్రదాయంలో ఉన్నది, పరిశోధకుల వాదం వల్ల చేరినది. క్రీడాభిరామం వినుకొండ వల్లభరాయని పేర ఉంది, శ్రీనాథుడే రాశాడని వాదించిన పండితులున్నారు. అది ఐదో ముద్ర కిందికి వస్తుంది. ఇక్కడ ఓటు వేసి తేల్చకండి. వాదించినవారి మాటలను, కాదన్నవారి మాటలను సారంగా రాసి, పాఠకుడు తనకు కావలసిన ముద్రలనే ఎంచుకొని చూసే ఏర్పాటు చేయండి. గద్య ఉన్న కావ్యాలనే ఆధారంగా తీసుకొని శ్రీనాథుని పదజాలాన్ని లెక్కించదలచినవారికి ఈ విభజన లేకపోతే ఆ లెక్క అర్థరహితమవుతుంది.

మనుషులు, వేళలు, దాచుకోవడం

సభ్యులు ఇండియాలోనూ అమెరికాలోనూ ఉంటే శనివారం రాత్రి 8 గంటలు అనుకూలం. అమెరికా తూర్పు తీరంలో అది వేసవిలో ఉదయం 10:30, శీతకాలంలో 9:30 అవుతుంది. గంటకు మించి కూర్చోవద్దు. సమావేశంలో పాఠనిర్ణయాలు చేయకుండా, వారమంతా రాతలో సాగిన చర్చలో తెగని రెండు మూడు చోట్లను మాత్రమే తీసుకోండి. మాటల్లో గట్టిగా చెప్పినవారి పాఠం నిలవడం, మెల్లగా మాట్లాడేవారి ఆధారం పోవడం నాకు చాలా బాధ కలిగించిన విషయం. రాతలో ఆ నష్టం తక్కువ. ప్రతి పుట కింద టైపు చేసినవారి పేరు, సరిచూసినవారి పేరు కనిపించాలి. డిగ్రీ చదివే విద్యార్థి ఎత్తిరాసిన పుటకు ఆ విద్యార్థి పేరే ఉండాలి, గురువుగారి పేరు కాదు.

పాఠాన్ని సాదా ఫైళ్లలో, మార్పులన్నిటినీ వరుసగా నమోదు చేసే గిట్ వంటి వ్యవస్థలో ఉంచితే ఏ మార్పు ఎవరు ఎప్పుడు చేశారో పోకుండా ఉంటుంది. పాఠాంతరాలు పెరిగాక టీఈఐ (పాఠాలను కంప్యూటరుకు అర్థమయ్యే గుర్తులతో రాసే ప్రమాణం) పద్ధతిలోకి మార్చుకోవచ్చు. తొలినాడే దాన్ని అందరి మీదా రుద్దితే పద్యం తెలిసినవారు దూరమవుతారు. తయారైన పాఠాన్ని ఇతరులు పేరు చెప్పి వాడుకొనేలా క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఇవ్వండి. ఆశ్వాసం పూర్తయిన ప్రతిసారీ సంచికగా సంఖ్య, తేదీ వేసి జెనోడో అనే పరిశోధన భాండాగారంలోనో ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనో ఒక ప్రతి దాచండి. వ్యాసాలు రాసేవారు ఆ సంచికనే ఉదాహరిస్తారు. సంకేతపదాలు, డొమైను రుసుము వివరాలు కనీసం ముగ్గురి దగ్గర ఉండాలి.

సంచిక బయటికి వెళ్లాక సవరణలు వస్తాయి. స్కాను చూపి చెప్పినవాటిని అదే వారం సరిదిద్దండి. మా తాతగారు ఇలా చదివేవారు అని కారంపూడి వైపు నుంచో మాచర్ల వైపు నుంచో ఎవరైనా రాస్తే, వారి అనుమతితో ఆ పద్యాన్ని వారి గొంతులోనే రికార్డు చేయించి, ఊరు, తేదీ, ఎవరి దగ్గర నేర్చుకొన్నారో రాసుకొని, ప్రతుల జాబితాలో దానికొక వరుస, ఒక సంకేతం ఇవ్వండి.